ఏడో నంబరు ఇంట్లో ఆరు కుటుంబాలు

పోయిన నెల తంగరాజు చనిపోయాడు. మదురైలో మేము వేదశాస్త్రం చదువుకున్నన్నాళ్ళూ హాస్టల్లో నా పక్క మంచం అతనిదే. మా వైపు క్రైస్తవులు బైబిల్ని వేదం అంటారు, అందుకే పాస్టరు చదువుకు ఆ పేరు. కోయంబత్తూరు ఆర్.ఎస్. పురంలో మా అమ్మాయి ఇంటి నుంచి వెళ్ళి, అతని సమాధిలో పిడికెడు మట్టి వేసి, తిరిగి వస్తూ ఆటో అతన్ని పాత మిల్లు వెనక వీధిలోంచి పోనిమ్మన్నాను. మిల్లు లేదు. ఎర్ర ఇటుకల ప్రహరీగోడ మాత్రం మిగిలింది, దాని లోపల తుమ్మచెట్లు మొలిచాయి. ఆటో ఆపించి కాసేపు దిగి నిలబడ్డాను. ఆ రోజుల్లో ఆ వీధిలో ఊపిరి పీలిస్తే వేడెక్కిన యంత్రాల నూనె వాసన, పచ్చి పత్తి వాసన, ఏదో ఒక ఇంట్లో కాగుతున్న శొంఠి కాఫీ వాసన కలిసి వచ్చేవి. ఇప్పుడు ఏ వాసనా లేదు. కళ్ళు మూసుకుంటే మాత్రం అన్నీ వచ్చాయి.

రెండో ఏడు చివర మమ్మల్ని జంటలు జంటలుగా బయటికి పంపేవారు. ఊళ్ళు విడిచి పనికోసం వచ్చినవాళ్ళ మధ్య మూడు నెలలు ఉండి రావాలి. అదీ చదువులో భాగమే. కొందరిని చెరకు నరికే గుంపుల దగ్గరికి, కొందరిని పెరియకుళం మామిడితోటల కూలీల దగ్గరికి వేశారు. నాది పెరియకుళమే, అందుకని నన్ను అక్కడికి పంపలేదు. ఇంట్లో తెలుగు మాట్లాడతానని కోయంబత్తూరు మిల్లు వీధికి పంపారు. తోడు తంగరాజు. అతనికి తెలుగు ఒక్క ముక్క రాదు, నవ్వు మాత్రం వచ్చు, దానితోనే మూడు నెలలూ నెట్టుకొచ్చాడు. బయల్దేరే ముందు మా గురువుగారు చెప్పింది చాలా కొంచెం. "ప్రసంగాలు చెయ్యొద్దు. వాళ్ళ ఇంట్లో తినండి, తిన్న గిన్నె మీరే కడగండి. జరిగింది జరిగినట్టు డైరీ రాయండి." ఇంతేనా అనుకున్నాను. నా పెట్టె అడుగున అప్పటికే నాలుగు ప్రసంగాలు రాసి పెట్టుకుని ఉన్నాను.

ఆ వీధిలో ఎనిమిది పెంకుటిళ్ళు. మిల్లు మొదలైన కొత్తలో తమిళనాడు దక్షిణపు జిల్లాల నుంచి వచ్చిన తెలుగువాళ్ళవి. ఏడో నంబరు ఇల్లు నాగమ్మవ్వది. ఒకే గది, వెనక వంటసాల, ముందు అరుగు. ఆ అరుగు మీద మా ఇద్దరి పడకలు. అవ్వ మిల్లులో నూలు చుట్టే రీలింగ్ పనిలో జీవితమంతా గడిపి దిగిపోయింది. కానీ ఆమె కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు ఇంకా దిగిపోలేదు. మాట్లాడుతున్నా, మిరపకాయలు తుంచుతున్నా, అమ్మవారికి దండం పెట్టుకుంటున్నా ఆ రెండు వేళ్ళూ తెగిన దారాన్ని కలుపుతున్నట్టు మెల్లగా మెలితిరుగుతూనే ఉండేవి. ఆమె భర్త చెన్నప్ప తాత పత్తి బేళ్ళు విప్పి దులిపే గదిలో పనిచేసి, దగ్గుతో ఇంటికి వచ్చేసినవాడు. మిల్లు కూతను వాళ్ళు సంగు అనేవారు. సంగు ఊదగానే తాత లేచి తువ్వాలు భుజాన వేసుకుని గడపదాకా వచ్చి నిలబడేవాడు. వీధిలో జనం గబగబా మిల్లువైపు పోతుంటే అందర్నీ సాగనంపి, తువ్వాలు మళ్ళీ చిలక్కొయ్యకు తగిలించి కూర్చునేవాడు. రోజుకు ఎన్ని సంగులుంటే అన్నిసార్లు.

ఆ వీధిని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒక పల్చని తెల్లదనం కనిపిస్తుంది. పత్తి నూగు. అది మిల్లు కిటికీల్లోంచి వచ్చి గాలిలో ఆలోచిస్తున్నట్టు తిరిగి, దండెం మీద బట్టల మీదా, కాఫీ గ్లాసు మీదా, నా డైరీ మీదా వాలేది. షిఫ్టు దిగి వచ్చే పడుచు ఆడపిల్లలు తెల్లటి తలలతో, తెల్లటి కనుబొమలతో ముసలివాళ్ళలా నడిచి వచ్చి, దొడ్లో నాలుగు చెంబులు పోసుకుని మళ్ళీ పడుచువాళ్ళై బయటికి వచ్చేవారు. మూడు షిఫ్టుల వీధి కాబట్టి ఏ పొద్దులో చూసినా ఎవరో ఒకరు నిద్రపోతూ ఉండేవారు. అందుకే అక్కడ అందరూ లోగొంతుకతో మాట్లాడేవారు. పోట్లాటలు కూడా లోగొంతుకతోనే. మిట్టమధ్యాహ్నం ఆ వీధిలో నడుస్తుంటే ఎవరి కలలోంచో నడుస్తున్నట్టు ఉండేది.

వీధి చివర మిల్లు నీళ్ళు పారే కాలువ, దాని అవతల ఆరు గుడిసెలు. కోవిల్‌పట్టి అవతలి నల్లరేగడి ఊళ్ళలో రెండేళ్ళు వానలు లేక వచ్చినవాళ్ళు. వాళ్ళదీ తెలుగే. వీధివాళ్ళు మాత్రం వాళ్ళను కాలువోళ్ళు అనేవారు. వాళ్ళకు మిల్లులో బదిలీ పని. అంటే ప్రతి సంగుకూ గేటు ముందు వరసగా నిలబడాలి, లోపల ఎవరైనా రాకపోతే మేస్త్రీ వేలు చూపించినవాడికి ఆ పూట పని. అందరికన్నా నాకు బాగా తెలిసింది లచ్చి. చంకలో చంటిబిడ్డతో, చేతిలో కొబ్బరిచిప్పతో రోజూ పొద్దున్నే అవ్వ దగ్గరికి నిప్పు అడగడానికి వచ్చేది. కిరసనాయిలు లేదు, ఎందుకంటే రేషన్ కార్డు లేదు. బియ్యం లేవు, ఎందుకంటే కార్డు లేదు. కార్డు ఏల లేదంటే గుడిసెకు నంబరు లేదు. నంబరు లేని ఇంట్లో ఉండేవాడు సర్కారు లెక్కలో ఎక్కడా ఉండడు.

నాకు చక్కటి తమిళ దస్తూరి ఉండేది. ఆరు కుటుంబాలకూ దరఖాస్తులు రాస్తానని ముందుకు వచ్చింది నేనే. అరుగు మీద కూర్చుని పేర్లు, వయసులు, వదిలి వచ్చిన ఊళ్ళు అన్నీ రాసి, చిరునామా దగ్గర కలం ఆపాను.

"ఏమి కణ్ణూ, నిలిపేస్తివి?" అంది అవ్వ లోపలి నుంచి. కన్నా అన్నట్టు నన్ను కణ్ణూ అనేది.

"ఇంటి నంబరు కావాల అవ్వా."

"నాది ఏడో నంబరు గదా. అదే రాయి."

"ఆరు కుటుంబాలవ్వా. అందరికీ ఒకే నంబరు రాస్తే ఎట్ల?"

"రాస్తే అరిగిపోతాదా నంబరు?"

లచ్చి కిసుక్కున నవ్వింది. నేనూ నవ్వి, ఆరు కాగితాల మీదా ఏడు వేశాను. తంగరాజు ఒక్కొక్కటీ ఊది ఆరబెట్టాడు. ఆ పూట నాకు చిన్న సంకోచం కూడా కలగలేదు. చేత్తో రాసేటప్పుడు అబద్ధం అంత మెత్తగా ఉంటుందని అప్పుడే తెలిసింది.

రెండు వారాల తర్వాత ఒక పొద్దుటిపూట రేషన్ ఇన్‌స్పెక్టరు వచ్చాడు. సైకిలు, గొడుగు, చంకలో ఫైలు, మెడచుట్టూ తడిసిన చేతిరుమాలు. చెడ్డవాడిలా లేడు, అలిసిపోయినవాడిలా ఉన్నాడు. తలుపులోంచి తొంగి చూశాడు. ఒక గది, గోడకు చుట్టి నిలబెట్టిన రెండు చాపలు, మూలన తాత.

"ఈ ఇంట్లో ఎంతమంది?" అని తమిళంలో అడిగాడు.

"ముప్పై మందిమి సామీ," అంది అవ్వ, ఆమే తమిళంలోకి మారి.

"ముప్పై మందీ ఎక్కడ పడుకుంటారు?"

"షిఫ్టు గదా సామీ. ఒకరు లేస్తే ఒకరు."

అతని పెదవి చివర కొంచెం కదిలింది. మా వైపు తిరిగి మీరెవరని అడిగాడు. నేను చెప్పాను. అతను ఫైలు తెరిచి, పెన్ను మూత తీసి, నా ముఖంలోకి చూశాడు. "వేదం చదివే పిల్లాడివి. నీ మాట రాసుకుని పోతాను. వీళ్ళంతా ఈ ఇంట్లోనే ఉంటున్నారా?"

అవ్వ నవ్వు ముఖంతోనే, పెదాలు ఎక్కువ కదపకుండా, మా తెలుగులో అంది: "అవునను కణ్ణూ. ఒక్క మాటే గదా. అవునను."

లచ్చి కాలువ గట్టు మీద నిలబడి చూస్తోంది. చంకలో బిడ్డ ఆమె తాళితాడు నోట్లో పెట్టుకుని చప్పరిస్తోంది. అన్నీ స్పష్టంగా గుర్తున్నాయి. నా గొంతు మాత్రం ఎవరిదో గొంతులా గుర్తుంది.

"లేదు సార్. కాలువ అవతల గుడిసెల్లో ఉంటారు."

అతను వెంటనే ఏమీ రాయలేదు. పెన్ను అలాగే పట్టుకుని కాసేపు ఉన్నాడు, నేను ఇంకేదైనా అంటానేమో అని చూస్తున్నట్టు. తర్వాత మూత పెట్టాడు. "ఎనిమిది రోజులకు మళ్ళీ వస్తాను. అప్పటికి వాళ్ళు నిజంగా ఉంటున్న ఇంటి నంబరు చూపిస్తే సరి. లేకపోతే ఈ ఆరూ కొట్టేస్తాను, దొంగ చిరునామా ఇచ్చినందుకు ఈ ఇంటి కార్డూ తీసుకుపోతాను." గొడుగు విప్పుకుని వెళ్ళిపోయాడు.

ముందు నాకు కలిగింది తేలికదనం. దాచడమెందుకు, గర్వం కూడా. శోధనలో, దేవుడు పెట్టిన పరీక్షలో, నిలబడ్డాననుకున్నాను. ఆ తేలికదనం దేవుడి సన్నిధి అనుకున్నాను. మధ్యాహ్నం అవ్వ ఎప్పటిలాగే రాగిసంగటి ముద్ద, ఎండుచేపల పులుసు పెట్టింది.  తిని, గిన్నె కడిగి, డైరీలో రెండు పుటలు రాశాను. మరునాడు పొద్దున లచ్చి నిప్పుకు రాలేదు. ఆ మరునాడూ రాలేదు. తంగరాజు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు కుళాయి దగ్గర బిందె ఎత్తుకుంటూ, నా వైపు చూడకుండా, "నిజం నీది రత్నం. ఆకలి వాళ్ళది," అన్నాడు.

అప్పుడు కూర్చుని ఆలోచించాను. మా నాన్న మామిడితోట కాపలాదారు. ప్యాంటు వేసుకున్న మనిషి ఎవరు కనిపించినా, తింటున్న కూడు వదిలి లేచి నిలబడేవాడు. పరాయి తోటవాళ్ళు వచ్చినా, దారి తప్పినవాళ్ళు వచ్చినా అంతే. ఆ పొద్దు ఇన్‌స్పెక్టరు ముందు నాలో లేచి నిలబడింది దేవుడి ఆజ్ఞ కాదు, మా నాన్న. భయాన్ని నేను నీతి అని పిలిచాను.

అవ్వ దొడ్లో కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. వెళ్ళి పక్కన కూర్చున్నాను. "తప్పు చేస్తి అవ్వా," అన్నాను.

"తప్పేమి? నీకు అబద్ధం చెప్పేదానికి రాలేదు. పరవాలే. అట్లాంటోడు ఇంటికొకడు ఉండాల." ఆమె వేళ్ళు గాలిలో దారం కలుపుతున్నాయి. ఇంకో గింజ తీసి పడేసి అంది: "వాళ్ళు ఈ వీధిలో ఉండరనే గదా నువ్వు చెప్పితివి?"

"అవునవ్వా."

"ఉంటే?"

నాకు అర్థం కాలేదు. ఆమె చింతపండు చేట పక్కన పెట్టి, కొంగుకు చేతులు తుడుచుకుంది. "అబద్ధం చెప్పేదానికి అయ్యేట్లు లేదు. నిజమే చేసేస్తాం, లే."

అప్పుడే సంగు ఊదింది. షిఫ్టు మారే వేళ, వీధి వీధంతా బయటే ఉంది. అవ్వ ఒకటో నంబరు నుంచి మొదలుపెట్టింది. ఒక్కొక్క గడప దగ్గర నిలబడి, ఒక్కొక్క కుటుంబాన్ని ఇంట్లో పెట్టుకోమని అడిగింది. ఒకటో ఇంటివాళ్ళు తల ఊపారు, రెండో ఇంటామె ఏడ్చి ఒప్పుకుంది. మూడో నంబరు మారప్ప ఒప్పుకోలేదు. అతను మేస్త్రీ, వీధిలో కొంచెం పెద్దమనిషి.

"నీకేమి అవ్వా, నువ్వు ముసిలిదానివి. మాకు బిడ్డలుండారు. మా కార్డూ పెరుక్కొని పోతే ఎవరు పెడతారు కూడు? కాలువోళ్ళతో మనకేమి?"

అవ్వ గొంతు పెంచలేదు. పక్కింట్లో నిద్రపోయేవాళ్ళున్నారు. "మనం వచ్చినప్పుడు యాడ పడుకుంటిమి మారా? నీ తల్లి నిన్ను మిల్లు గోడ కింద కనింది. నేనే కొంగు అడ్డం పట్టుకొంటి. ఆ గోడకి నంబరు ఉండెనా?"

మారప్ప లోపలికి పోయాడు. అవ్వ తర్వాతి గడపకు నడిచింది. మేము ఆరో నంబరు దగ్గర ఉండగా చూశాను, మారప్ప కాలువ దాటి వస్తున్నాడు. భుజాన లచ్చి వాళ్ళ చాప, చేతిలో వాళ్ళ సత్తుగిన్నె. వెనక లచ్చి భర్త, ఆ వెనక బిడ్డతో లచ్చి, ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నేల చూస్తూ.

తర్వాతి అయిదు రోజులు నా యవ్వనంలో నేను చూసిన వింత. ఎనిమిది ఇళ్ళ వీధిలో ఇంకో ఆరు ఇళ్ళు దూరాయి. చాపలు చల్లారే తీరిక లేదు. ఒకరు లేచి మిల్లుకు పోతే ఆ వెచ్చదనంలోనే ఇంకొకరు పడుకునేవారు. అవ్వ ఇన్‌స్పెక్టరుతో ఆడిన అబద్ధం అక్షరాలా జరుగుతోంది. వీధివాళ్ళ పులుసులో చింతపండు ఎక్కువని వచ్చినవాళ్ళు, వచ్చినవాళ్ళ పులుసులో కారం ఎక్కువని వీధివాళ్ళు లోగొంతుకతో కొట్లాడుకున్నారు. ఒకే మాటను ఒకరు ఒక రకంగా, ఒకరు ఇంకో రకంగా పలికి, నీ తెలుగు తెలుగే కాదంటే నీదే కాదని నవ్వుకున్నారు. మధ్యాహ్నం వేళ లచ్చి మూడో నంబరులో బిడ్డను ఉయ్యాల్లో వేసి జోల పాడితే, రాత్రి పనిచేసి వచ్చి పడుకున్నవాళ్ళంతా ఆ పాటకే ఒత్తిగిలి ఇంకా లోతుగా నిద్రపోయేవారు. మా ఏడో నంబరుకు వచ్చిన కుటుంబంలో మూడేళ్ళ పాప ఉండేది. సంగు ఊదగానే తాత తువ్వాలు తీసేవాడు, పాప తన గుడ్డముక్క ఒకటి భుజాన వేసుకునేది. ఇద్దరూ గడపలో నిలబడి వీధిని సాగనంపేవారు. పత్తి నూగు ఆ ఇద్దరి తలల మీదా ఒకేలా వాలేది.

నేను ఆరు దరఖాస్తులూ మళ్ళీ రాశాను. ఈసారి ఒక్కొక్క కుటుంబానికి ఒక్కొక్క నంబరు.

ఎనిమిదో రోజు ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ఈసారి సైకిలు వీధి మొదట్లోనే నిలిపి, ఒక్కొక్క ఇల్లే చూసుకుంటూ వచ్చాడు. నిద్రపోతున్నవాళ్ళను దాటేటప్పుడు చెప్పులు విప్పి చేత్తో పట్టుకున్నాడు. ఏడో నంబరు అరుగు మీద కూర్చుని నన్ను పిలిచాడు. "ఏం తంబీ, ఇప్పుడేమంటావు?"

"ఇక్కడే ఉంటున్నారు సార్. ఏడో నంబరులో ఒక్క కుటుంబం. మిగతావాళ్ళు వేరే ఇళ్ళలో. మార్చి రాశాను."

"ఎన్నాళ్ళ నుంచి?"

నా వెనక అందరూ ఊపిరి బిగబట్టారని వీపుకు తెలిసింది. "అయిదు రోజుల నుంచి సార్," అన్నాను. ఈసారి గొంతు నాదే.

అతను పెన్ను మూత తీశాడు. ఆరు కాగితాల మీదా సంతకాలు పెట్టాడు. అవ్వ శొంఠి కాఫీ ఇస్తే తాగి, మీద వాలిన నూగును వేలితో తీసేసి, గ్లాసు కింద పెట్టాడు. లేస్తూ లేస్తూ, అచ్చం మా ఇళ్ళలో మాట్లాడే తెలుగులో అన్నాడు: "అవ్వా, ఆ పొద్దు నువ్వు ఈ పిల్లోడికి చెప్పిందంతా నాకు తెలిసింది. మా ఇంట్లోనూ ఇదే మాట."

అవ్వ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. తర్వాత చెయ్యి తీసి, "అయితే ఆ పొద్దే ఏల రాసుకొని పోలేదు?" అని అడిగింది.

"పిల్లోడు అవునంటే రాసుకొని పోదామనే అడిగితి," అన్నాడు అతను. చెప్పులు తొడుక్కుని, గొడుగు తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆ మాట నాలో ఇన్నేళ్ళూ అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. నేను అవునని ఉంటే ఆరు కాగితాల మీదా ఆ రోజే సంతకాలు పడేవి, లచ్చి ఎనిమిది రోజులు ముందుగా అన్నం వండేది. కానీ కాలువ అవతలే వండేది. ఏది మేలో నేను తేల్చుకోలేదు. మదురైకి తిరిగి వెళ్ళాక గురువుగారు నా డైరీ చదివి ఇచ్చారు. నేను శోధనలో నిలబడ్డానని రాసుకున్న పుట పక్కన ఎర్ర సిరాతో ఒక్క ప్రశ్న వేశారు: "నిజం చెప్పాక మధ్యాహ్నం ఎవరి ఇంట్లో తిన్నావు?" నా నాలుగు ప్రసంగాలూ అలాగే పెట్టెలో ఉండిపోయాయి.

కార్డులు వచ్చాక నాలుగు కుటుంబాలు గుడిసెలకు తిరిగిపోయాయి. రెండు పోలేదు. మారప్ప తన అరుగుకు తడికెలు కట్టి లచ్చి వాళ్ళకు గది చేసి ఇచ్చాడట, ఆ గదిలోనే ఆమెకు ఇంకో ఇద్దరు పిల్లలు పుట్టారట. ఇవి ఆ ఊళ్ళోనే పాస్టరుగా ఉండిపోయిన తంగరాజు ఉత్తరాల్లో చదివాను. నాగమ్మవ్వ పోయినప్పుడు నేను చిన్నమనూరులో పాస్టరుగా ఉన్నాను. ఉత్తరం చేరేసరికి పదకొండు రోజులు దాటాయి. ఆ వారం గుళ్ళో ఏం ప్రసంగించానో గుర్తు లేదు, నిలబడి ఏదో చదివాను.

పనిచేసిన ప్రతి ఊళ్ళోనూ ఎవరో ఒకరు ఊరు విడిచి వచ్చి, తెలిసిన మనిషని ఒక కాగితం రాసిమ్మని అడిగేవారు. నా భార్య ముందు వాళ్ళకు అన్నానికి ఆకు వేసేది, తర్వాత చాప పరిచేది. మా ఇంట్లో తిని, మా ఇంట్లో పడుకుని లేచాక, "ఇతను నాకు తెలుసు, మా ఇంట ఉన్నాడు" అని రాసిచ్చేవాణ్ణి. ఆ కాగితాల్లో ఒక్క అబద్ధం లేదు. ఇప్పుడు ఆమె లేదు. నేను మా అమ్మాయి ఇంట్లో మూడో అంతస్తులో ఉంటున్నాను. మంచి ఇల్లు, తలుపులు వేస్తే చప్పుడు కావు. పక్కింట్లో ఎవరు ఎప్పుడు నిద్రపోతారో నాకు తెలియదు. మిల్లులు ఊరు దాటి ఎక్కడెక్కడికో పోయాయి, వాటిలో పనిచేసేవాళ్ళు ఒడిశా నుంచి, ఇంకా దూరం నుంచి వస్తున్నారు. పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక అలాంటి జంట ఒకటి నా దగ్గరికి వచ్చింది. ఆధార్‌లో ఇక్కడి చిరునామా లేక బిడ్డను బడిలో చేర్చుకోవడం లేదట. వాళ్ళను ఇంటికి తీసుకొచ్చాను.

మా అమ్మాయి వాళ్ళకు టిఫిన్ పెట్టింది, బిడ్డకు పాలు కలిపింది. నన్ను లోపలికి పిలిచి, "ఉండనోళ్ళని ఉండారని ఎట్ల రాసిస్తాం అప్పా? అది అబద్ధం గదా," అంది. కోపంగా కాదు, బాధగానే అంది. అబద్ధం ఆడకూడదని దానికి నేర్పింది నేనే, బాగా నేర్పాను. నాగమ్మవ్వ చెప్పిన ఆ రెండో మాట, నిజమే చేసేస్తామన్నది, మాత్రం దానికి ఎప్పుడూ చెప్పలేదు. నా తప్పు కూడా చెప్పాల్సి వస్తుందని. ఆ జంట ఈ ఆదివారం మళ్ళీ వస్తామని వెళ్ళారు. అందుకే ఇది ఈ వారంలోనే రాసి ముగించాను. మా అమ్మాయి చదివింది తమిళంలో, తెలుగు అక్షరాలు దానికి రావు. శనివారం దానికి సెలవు. పక్కన కూర్చోబెట్టుకుని నేనే చదివి వినిపించాలి.